చంటిబిడ్డతో ఎం.కాం. పరీక్షకు

మా కోడలు శైలజకు ఎం.కాం.లో ఒక్క పేపరు మిగిలిపోయింది. పోయినసారి ఆ పేపరు రాయాల్సిన రోజు తెల్లవారుజామునే నొప్పులు వచ్చాయి. పరీక్ష హాలుకు పోవాల్సిన మనిషి ఆసుపత్రికి పోయింది. ఆడపిల్ల పుట్టింది. ఆ బిడ్డకు ఇప్పుడు ఆరో నెల, ఆ పేపరు మళ్ళీ వచ్చింది. ఎం.కాం. పూర్తయితే ఇంటర్ పిల్లలకు అకౌంట్స్ చెప్పడానికి తీసుకుంటామని పులివెందులలో ఒక కాలేజీవాళ్ళు మాట ఇచ్చి ఉన్నారు. ఈసారి కూడా తప్పితే ఆ చోట్లోకి ఇంకొకరు వస్తారు. అందుకని శైలజ, బిడ్డ, నేను బయలుదేరాం. మా వాడు లారీ డ్రైవరు, అరటికాయల లోడుతో ఉత్తరాదికి పోయి ఉన్నాడు. మా ఆయన పోయి చాలా ఏళ్ళయింది. కాబట్టి వెంట పోవాల్సింది నేనే.

నాకు సంతకం వరకే చదువు. నేను చెప్తుంటే ఇదంతా శైలజే రాసింది. పాలు తాగే బిడ్డను పెట్టుకొని పరీక్షలకు పోయే తల్లులు, వాళ్ళ వెంట పోయే అత్తలు, అమ్మలు చాలామంది ఉంటారు. వాళ్ళకు పనికొస్తుందని చెప్పాను.

పరీక్ష ప్రొద్దుటూరులో, ఉదయం పదింటికి. మాది లింగాల పక్కన పల్లె. తెల్లారి లేచి బస్సులు మారి పోతే అందుకుంటామన్న నమ్మకం లేదు. ముందురోజే పోయి జమ్మలమడుగులో శైలజ పుట్టింట్లో ఉండి, పొద్దున అక్కడినుంచి ప్రొద్దుటూరు పోవాలనుకున్నాం. మధ్యాహ్నం అన్నం తిని లింగాలలో బస్సెక్కాం. ఆడవాళ్ళకు టికెట్టు డబ్బు లేదు. ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు ఇస్తారు. కార్డు సంచి అడుగున పెట్టుకోవద్దు, రవికలోనో పర్సులోనో పెట్టుకోండి. నేను బిడ్డ గుడ్డలన్నీ పైకి తీసి వెతుక్కోవాల్సి వచ్చింది.

పులివెందులలో దిగి, బిడ్డకు ఒక మూల కూర్చుని పాలిచ్చి, ముద్దనూరు మీదుగా పోయే జమ్మలమడుగు బస్సు పట్టుకున్నాం. సీట్లు దొరికాయి. శైలజ బిడ్డను నా ఒళ్ళో వేసి పుస్తకం తీసింది. ముందు సీట్లో ఒక పెద్దమనిషి మోటారు స్టార్టరు డబ్బాను ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. కాసేపు మమ్మల్ని తిరిగి తిరిగి చూశాడు.

"ఏం చదువుతాంది అక్కా ఆ పాప?"

"ఎం.కాం."

"అంటే ఏంది?"

"లెక్కల చదువు."

"బస్సులో సదివితే కడుపులో తిప్పదా?"

"తిప్పితే కిటికీ ఉండాది కదప్పా. నువ్వు మాత్రం తల బయట పెట్టాకు."

ఆయన నవ్వి ముందుకు తిరిగాడు. నేను శైలజను అడిగాను, "ఇంతకూ ఏం సదువుతాండావుమే?"

"తరుగుదల అత్తా. వస్తువు వాడేకొద్దీ ఏడాదికింత విలువ తగ్గుతుంది కదా, దాన్ని లెక్కలో రాయాల."

"అన్నిటికీ రాస్తారా?"

"భూమికి రాయరు. మోటారుకు, పైపులకు, బోరుకు రాస్తారు."

స్టార్టరు డబ్బా ఆయన మళ్ళీ తిరిగాడు. "ఎండిపోయిన బోరుకు ఏం రాస్తారు పాపా?"

"దాన్ని లెక్కలోనుంచి ఒక్కసారే కొట్టేస్తారు మామా."

"అట్ల కొట్టేసేటివి మావి మూడుండాయి. నీ పరీక్షలో అడిగితే నా పేరు రాసుకో."

తొండూరు దాటేదాకా ఆయన తన బోర్ల కథ చెప్పాడు. శైలజ ఊ కొడుతూనే పేజీలు తిప్పింది. ముద్దనూరులో ఆయన దిగిపోతూ, "రాసేసి రా పాపా, బాగా రాయి," అన్నాడు.

ఎండ తగ్గే వేళకు జమ్మలమడుగు చేరాం. శైలజ వాళ్ళమ్మకు ఈమధ్యే కంటి ఆపరేషన్ అయింది. దుమ్ములోకి, ఎండలోకి పోవద్దన్నారు. లేకపోతే బిడ్డను పట్టుకోవడానికి ఆమే వచ్చేది. నల్లద్దాలు పెట్టుకొని గడపలో కూర్చుని ఉంది.

"కోడలి పరీక్షకు అత్త తోడు వచ్చిందంట. మా అత్తయితే పుస్తకాలు పొయ్యిలో పెట్టి నీళ్ళు కాచుకునుండును," అంది.

"నువ్వేం పుస్తకాలు సదివితివని వదినా, కాల్చేదానికి?" అన్నాను.

రాత్రికి జొన్నరొట్టె, వంకాయ కూర, చెనిక్కాయల చట్నీ. మిద్దె మీద పడుకుంటే పెన్న వైపు నుంచి గాలి వచ్చింది. బిడ్డ బాగా నిద్రపోయింది. శైలజ మాత్రం నిద్రలో కూడా ఏదో లెక్క గొణిగింది.

పొద్దున బొరుగుల ఉగ్గాని తిని, బజ్జీలు కట్టించుకొని ఎనిమిదింటిలోపే బస్సెక్కాం. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరుకు బస్సులకు లోటు లేదు. బస్టాండులో దిగి ఆటో మాట్లాడుకొని కాలేజీకి పోయాం. గేటు బయట వేపచెట్టు కింద కూర్చుని శైలజ బిడ్డకు కడుపునిండా పాలిచ్చింది. పొద్దునే పితికిన పాలు ఒక స్టీలు గిన్నెలో మూత పెట్టి తెచ్చాం, ఉగ్గుగిన్నె కూడా తెచ్చాం. వారం రోజులుగా ఇంట్లో ఉగ్గుగిన్నెతో తాగించి అలవాటు చేశాను. అక్కడ చక్కగా తాగేది.

గంట కొట్టారు. శైలజ లేచి, మళ్ళీ కూర్చుంది.

"అత్తా, ఏడిస్తే..."

"ఏడిస్తే నేనుండా. నువ్వు పో."

చున్నీ లోపల రెండు మడతల గుడ్డ పెట్టుకొని పోయింది. ఈ ముక్క తీసేద్దామత్తా అని శైలజ ఇప్పుడు కలం ఆపింది. ఉండనియ్ అన్నాను. వెనక వచ్చే తల్లులకు అవసరమైంది ఇదే. బిడ్డ ఏడుపు చెవిన పడితే తల్లికి పాలు చేపుతాయి. ఆవుకైనా మనిషికైనా అంతే, మన చేతుల్లో ఉండదు. గుడ్డ తడుస్తుంది, మనసు కాగితం మీద నిలవదు. నాకు బిడ్డ ఆకలి కంటే దీని భయమే ఎక్కువగా ఉండింది.

గంటన్నర బాగానే గడిచింది. తర్వాత బిడ్డ లేచింది. ఉగ్గుగిన్నె నోటికి పెడితే తల తిప్పింది. ఇంకోసారి పెడితే చేత్తో కొట్టింది, పాలు నా చీర మీద పోయాయి. గిన్నెలో మిగిలినవి వాసన చూస్తే ఎండకు తేడా చేసి ఉన్నాయి, పారబోశాను. అప్పుడు గుక్క పట్టింది. పరీక్ష గది కిటికీలు రోడ్డు వైపే ఉన్నాయి. వాచ్‌మన్ దగ్గరికి వచ్చాడు.

"అవ్వా, లోపలికి ఇనపడతాంది."

"అదే నా బాధ నాయనా. ఈ సందు యాడికి పోతాది?"

"ఎంత దూరమైనా పోతాది."

సంచి భుజానికి వేసుకొని, బిడ్డను కొంగుతో కప్పి ఆ సందులో నడిచాను. మలుపు దాటాను, ఇంకో మలుపు దాటాను. బిడ్డ ఏడుపు ఆపలేదు కానీ కాలేజీకి వినపడనంత దూరం వచ్చామని ధైర్యం వచ్చింది. ఒక ఇంటి అరుగు మీద నీడ ఉంటే కూర్చున్నాను. గొంతు బొంగురుపోయి బిడ్డ దగ్గడం మొదలుపెట్టింది. లోపలినుంచి ఒక అమ్మాయి తలుపు తీసింది. చంకలో బొద్దుగా ఒక మగపిల్లవాడు.

"ఏంది పెద్దమ్మా, బిడ్డకు బాగలేదా?"

"ఆకలి తల్లీ. తల్లి పరీక్ష రాస్తాంది."

"ఏం పరీక్ష?"

"ఎం.కాం."

ఆ అమ్మాయి పేరు షమీమ్. భర్త కువైట్‌లో ఉన్నాడు. లోపలికి రమ్మని ఫ్యాను వేసి, నీళ్ళిచ్చింది. "నేను బి.కాం. చేస్తాంటి. రెండో ఏడాదిలో పెండ్లైంది, ఆడికి నిలిచిపాయ," అంది. తర్వాత బిడ్డ ముఖం చూసి, నా ముఖం చూసి, "ఇయ్యి పెద్దమ్మా, నేను పాలు పడతా," అంది.

నేను వెంటనే ఇవ్వలేదు. బిడ్డ నా మనవరాలే. కానీ సరే అనాల్సింది తల్లి, ఆ తల్లి గదిలో ఉంది. పోయి అడిగితే పేపరు ఆడికి సరి. అడక్కుండా ఇస్తే రేపు నాతో మాట్లాడుతుందో లేదో. బిడ్డ మళ్ళీ దగ్గింది. ఇచ్చేశాను.

"ఒకటి ముందే చెప్తాండా," అంది షమీమ్ బిడ్డను రొమ్ముకు పెట్టుకొని. "మాలో ఒకరి పాలు తాగితే ఒక తల్లి బిడ్డలే. రేపు మా వాడికీ మీ పాపకూ పెండ్లి కుదరదు."

"కుదరకపోతే పోనీలేమ్మా. మీ వాళ్ళకూ మా వాళ్ళకూ ఒక తలనొప్పి తగ్గె."

షమీమ్ నవ్వితే బిడ్డ కదిలింది. కదిలినా వదల్లేదు. తాగి తాగి అక్కడే నిద్రపోయింది. నేను ఆ ఇంట్లోనే చాయ్ తాగి, ఒంటిగంటకు గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాను.

అందరికంటే ముందు శైలజే బయటికి వచ్చింది. చున్నీ ముందు భాగమంతా తడిసి ఉంది. బిడ్డను తీసుకొని చెట్టు కిందికి పోయి పాలివ్వబోయింది. బిడ్డ నోరు తెరవలేదు, నిద్రలో మూతి తిప్పుకుంది. శైలజ నా వైపు చూసింది. దాచలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"ఎవరో తెలీకుండా ఇచ్చేస్తివా అత్తా?"

"తెలుసుకొనే ఇచ్చినా. షమీమ్ అని. మంచి పిల్ల."

ముఖం ముడుచుకుంది. బిడ్డను నా చేతికిచ్చి లేచింది. "యాడ ఆ ఇల్లు?" అంది.

గొడవకు పోతోందనే అనుకున్నాను. ముందు తను, వెనక నేను. షమీమ్ తలుపు తీసేసరికి లోపల ఆమె కొడుకు ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తున్నాడు. మా బిడ్డ తాగిపోయింది కదా, వాడికి చాలినన్ని మిగల్లేదు. శైలజ గడప దాటకుండా అలాగే నిలబడింది. రెండు చేతులూ రొమ్ములకు అడ్డం పెట్టుకొని ఉంది. పాలు గడ్డకట్టి ఎంత సలుపుతాయో కన్నవాళ్ళకు తెలుసు.

"అక్కా, నేను నొప్పి తట్టుకోలేకపోతాండా," అంది. "వాణ్ణి ఇట్లియ్యి."

షమీమ్ ఇచ్చింది. వాడు కొత్త మనిషని కూడా చూసుకోలేదు.

"దొంగనాయాలు, ఎవరిచ్చినా తాగుతాడు," అంది షమీమ్. "ఏం అడిగినారు పేపర్లో?"

శైలజ సంచి చూపించింది. షమీమ్ ప్రశ్నపత్రం తీసి చాప మీద పరిచింది. ఇద్దరూ దాని మీదికి వంగారు. వాడు ఒళ్ళో తాగుతూనే ఉన్నాడు, వీళ్ళు ఆ లెక్క ఎట్లా చేశావు, ఈ లెక్క ఎట్లా చేశావు అంటూ నాకు అర్థంకాని మాటలు మాట్లాడుకున్నారు. ఒకచోట షమీమ్ తప్పు చెప్తే శైలజ దిద్దింది. ఇంకోచోట శైలజ నాలుక కరుచుకుంది. వచ్చేముందు షమీమ్, "నేను ఇప్పుడు మళ్ళీ డిగ్రీ పరీక్షలకు కట్టుకోవచ్చంటావా?" అని అడిగింది. ఎవర్ని అడగాలో శైలజ చెప్పింది, ఫోన్ నంబర్లు మార్చుకున్నారు.

బస్టాండు దగ్గర ఎర్రకారం దోశ తిన్నాం. అక్కడ కారం నిజంగానే కారం. పాలిచ్చే తల్లులు చట్నీతో సరిపెట్టుకోండి. ప్రొద్దుటూరు నుంచి పులివెందులకు నేరుగా బస్సు దొరికింది, జమ్మలమడుగు తిరిగి పోయే పని లేకపోయింది. వదినకు ఫోన్ చేసి చెప్పాం.

బస్సు ఊరు దాటినాక అడిగాను, "ఎట్ల రాసినావు?"

"అన్నీ రాసినా అత్తా. ఒకటి తప్పుబోయింది. పాసైతా."

కొంచెం దూరం పోయాక తనే అంది, "మధ్యలో పాప ఏడ్చింది కదా."

ఉలిక్కిపడ్డాను. "ఇనపడిందా? వేరే ఎవరి బిడ్డో అనుకోలేదా?"

"మన పాప గొంతు నాకు తెలీదా? చెయ్యి ఆగిపాయ. లేసి వచ్చేద్దామనుకున్నా. అంతలోకి ఏడుపు కొంచెం కొంచెం దూరమైతా వచ్చింది. అత్త నడుస్తాంది అనుకున్నా. ఇనపడకుండా పోయినాక మిగతాది రాసినా."

ఇంతలో బిడ్డ లేచింది. శైలజ కిటికీ వైపు తిరిగి పాలిచ్చింది, ఈసారి బిడ్డ తల తిప్పలేదు. తాగుతున్నంతసేపు దాని కాళ్ళు నా ఒళ్ళో ఉన్నాయి. తొండూరు వచ్చేసరికి తల్లీ బిడ్డా ఇద్దరూ నిద్రపోయారు. రోడ్డుకు రెండు వైపులా చీనీకాయల తోటల్లో డ్రిప్పు పైపులు మెరుస్తున్నాయి. ఫలితం ఇంకా రాలేదు. రావడానికి ఎన్ని రోజులు పడుతుందో నేను అడగలేదు కూడా. ఆ మధ్యాహ్నం ఆ బస్సులో నాకు ఏ తొందరా లేదు. పులివెందుల ఇంకాస్త దూరంలో ఉంటే బాగుండు, వాళ్ళు ఇంకాస్త పడుకుంటారు అనుకున్నాను.