కుడివైపు పెట్టిన గ్లాసు

ఏ గ్లాసు చేతికిచ్చినా అతను ముందు దాని మీద అరచెయ్యి మూసేవాడు. గ్లాసును మెల్లగా తిప్పేవాడు. చెయ్యి తీసి, కళ్ళు మూసుకుని, ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. చుట్టూ ఉన్నవాళ్ళు మాటలాపేవారు. మంచినీళ్ళయినా అంతే.

చదువుకునే రోజుల్లో స్నేహితులు అతనికి ముక్కు అని పేరు పెట్టారు. హాస్టలు మెట్ల మీద నిలబడి వంటింట్లో ఏం మాడుతోందో చెప్పేవాడు. తరవాత ఆ ముక్కే అన్నం పెట్టింది. ఊళ్ళో ఒక చిన్న బ్రూవరీలో చేరాడు. బీరు కాచడం, రుచి చూడడం అతని పని. ఏ ట్యాంకు తెరవాలో, ఏది ఇంకా ఆగాలో అతను చెప్పాల్సిందే. ఓనరమ్మ అతని మాట దాటేది కాదు.

రెండేళ్ళ కిందట జ్వరం వచ్చి తగ్గింది. దాంతో పోయిన వాసన మళ్ళీ రాలేదు. పొయ్యి మీద పాలు మాడిపోతుంటే పక్క గదిలో నిమ్మళంగా పేపరు చదువుకుంటున్న మొగుణ్ణి చూసి భార్యకు సంగతి అర్థమైంది. వాసన పోతే నాలుకకు మిగిలేవి ఉప్పు, పులుపు, తీపి, చేదు. వాటికి ఎవరూ జీతమివ్వరు.

అప్పటినుంచి ప్రతి ట్యాంకు నుంచీ ఒక చిన్న సీసా ఇంటికొచ్చేది. ఆమె వంటింటి గట్టు దగ్గర నిలబడి ఒక గుక్క తాగి, మాటలు వెతుక్కుని చెప్పేది. నారింజ తొక్క. తడిసిన గడ్డి. అతను వాటిని బట్టీపట్టి, పొద్దున్నే ఓనరమ్మకు అప్పజెప్పేవాడు. బయట తినాల్సి వస్తే గుర్తు వేరు. ముందు ఆమె రుచి చూస్తుంది. బాగుంటే గ్లాసో చెంచానో కుడివైపు పెడుతుంది, లేకపోతే ఎడమవైపు.

ఎవరికీ అనుమానం రాకూడదని అతనింకో అలవాటు చేసుకున్నాడు. నలుగురిలో ఆమె నాలుకను ఎగతాళి చేసేవాడు. ఆమె కూడా నవ్వేది. ఆ నవ్వు కూడా ఏర్పాటులో భాగమే అనుకున్నాడు.

శనివారం ఇద్దరు స్నేహితులు దిగారు. ఒకడు పళ్ళ డాక్టరు, ఇంకొకడు కాంట్రాక్టరు. ఏడాదికోసారి వస్తారు. ఊరు చూసే సరదా లేదు వాళ్ళకు. ముక్కు కొత్తగా ఏ హోటలు కనిపెట్టాడో అక్కడ తినాలి, అతను కాచిన బీరు తాగాలి, పోవాలి. ఈసారి వంతెన పక్కన కొత్త హోటలుకు తీసుకెళ్ళాడు. ఎవరో చెప్పగా విన్నది. తనే కనిపెట్టానన్నాడు.

సూపు వచ్చింది. భార్య ఒక చెంచా తాగి, చెంచాను ఎడమవైపు పెట్టింది.

"ఎలా ఉంది చెల్లెమ్మా?" అన్నాడు డాక్టరు.

"కొంచెం అడుగంటిన..."

"దాన్నడుగుతావేంట్రా?" అన్నాడు అతను. "ఉప్పుకీ పంచదారకీ తేడా తెలీదు దానికి. నోట్లో ఉన్నది నాలుక కాదు, రేకుముక్క."

కాంట్రాక్టరు బల్ల గుద్ది నవ్వాడు. "మరి ఇంట్లో వంట నువ్వే చేస్తావన్నమాట!"

అతను సూపు గిన్నె మీద అరచెయ్యి మూశాడు. తీశాడు. కళ్ళు మూసుకున్నాడు.

"అడుగంటింది," అన్నాడు.

వంటవాడు బయటికొచ్చి చేతులు నలుపుకుంటూ ఒప్పుకున్నాడు. సూపు వెనక్కి పోయింది. "ఒరేయ్ ముక్కూ, నీకు దిష్టి తియ్యాలిరా," అన్నాడు కాంట్రాక్టరు. ఆమె నవ్వలేదు. అతను ఆమె వైపు చూడలేదు.

ఆదివారం మధ్యాహ్నం బ్రూవరీకి వెళ్ళారు. ముందు గదిలో చెక్కబల్లలు, అద్దం వెనక స్టీలు ట్యాంకులు. ఓనరమ్మ స్వయంగా వచ్చి కూర్చుంది. మూడో ట్యాంకు బీరు జగ్గులో తెప్పించింది.

"రేపు బయటికి పంపాల్సింది. మీరింకా ఏం చెప్పలేదు. మీవాళ్ళ ముందే చెప్పండి," అంది.

ఇంట్లో స్నేహితులున్నారని ఈసారి అతను సీసా తీసుకెళ్ళలేదు. అయినా కంగారు పడలేదు. పక్కన భార్య ఉంది. ఆమె ఒక గుక్క తాగింది. ఒక క్షణం ఆగింది. గ్లాసు కుడివైపు పెట్టింది.

అతను గ్లాసు తిప్పాడు, కళ్ళు మూసుకున్నాడు, తాగాడు.

"పండిన నారింజ," అన్నాడు. "చివర్లో కొద్దిగా తేనె. పంపించెయ్యొచ్చు మేడమ్."

డాక్టరు గ్లాసు నోటి దగ్గర నుంచి దించాడు. "తేనేంట్రా! ఇది నా క్లినిక్కు వాసన. ఫినాయిలు పోశారా ఇందులో?"

ఓనరమ్మ వాసన చూసి, గ్లాసు దూరంగా జరిపింది. ట్యాంకు కడిగిన మందు పూర్తిగా పోకుండానే బీరు నింపారు. కడిగించింది అతనే.

"జోకులేస్తున్నాడండీ," అన్నాడు కాంట్రాక్టరు. "ఒరేయ్, కళ్ళు మూసుకో. నీ పరువు నేను కాపాడతా."

అతను కళ్ళు మూసుకున్నాడు. వద్దనే ధైర్యం లేకపోయింది. ముక్కు కింద ఏదో పెట్టారు. బల్ల మీద నిమ్మబద్దలు చూసిన గుర్తు.

"నిమ్మకాయ."

"శభాష్! ఇది?"

ఎక్కడో ప్లేటుకు ఫోర్కు తగిలిన చప్పుడైంది. అతను కొంచెం ముందుకు వంగి, గాలి గట్టిగా పీల్చాడు.

"వేయించిన చేప."

నవ్వు పక్కబల్లల దాకా పాకింది. కళ్ళు తెరిస్తే కాంట్రాక్టరు మేజోడు. పొద్దుటినుంచి బూటులో నానినది. కాంట్రాక్టరు కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, "చేపంట! ఇంకోసారి పీల్చరా, ఏ చేపో చెప్దువుగాని," అన్నాడు.

డాక్టరు ఒక్కడే నవ్వు ఆపాడు. "వీడికి వాసన తెలియదు," అన్నాడు, పుచ్చిన పన్ను చూపించినంత మామూలుగా.

ఓనరమ్మ ఆమె వైపు తిరిగింది. "మీరూ తాగారుగా. మీకు తెలియలేదా అమ్మా?"

అతను భార్య మొహంలోకి చూశాడు. ఒక్క మాట చాలు. ఇన్నాళ్ళూ రుచి చూసింది నేనే, ఇకముందూ చూస్తాను అంటే ఓనరమ్మ తిట్టినా ఉంచుకుంటుంది.

"నాకేం తెలుస్తుందండీ," అందామె. "ఉప్పుకీ పంచదారకీ తేడా తెలియనిదాన్ని."

ఓనరమ్మ లేచింది. "రుచి చూడడానికి ఇంకొకరిని పెట్టుకుంటాను. వాళ్ళొచ్చేదాకా ట్యాంకులు కడుగుతూ ఉండండి. రేపు ముందు ఆ మూడోది."

బస్సు దగ్గర స్నేహితులు అతన్ని కావలించుకున్నారు. "వచ్చేసారి హోటలు మేమే చూసుకుంటాంలే," అన్నాడు కాంట్రాక్టరు. బస్సు మలుపు తిరిగేదాకా లోపల వాళ్ళ భుజాలు కదులుతూనే ఉన్నాయి.

ఇంటికి నడుస్తూ అతనన్నాడు: "కుడివైపు పెట్టావు."

"అవును," అందామె.

మర్నాడు పొద్దున్నే అతను రబ్బరు బూట్లు తొడుక్కుని మూడో ట్యాంకు అడుగున కుళాయి తిప్పాడు. బీరంతా నురగలు కక్కుతూ కాలువలోకి పోయింది. వేడినీళ్ళతో కడిగాడు. మూత తీసి తల లోపల పెట్టాడు. లోపల స్టీలు మెరుస్తోంది. అంతకుమించి అతనికేమీ తెలియలేదు. గచ్చు తుడుస్తున్న మనిషిని పిలిచాడు.

"ఒకసారి వాసన చూసి చెప్పమ్మా. మందు పోయిందా?"

ఆమె ఒక చేత్తో తుడుపుగుడ్డ పట్టుకునే వంగి చూసింది. "ఏం లేదండీ. శుభ్రంగా ఉంది," అంది.

ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. ఆమె తన పనిలోకి వెళ్ళిపోయాక, పైపు అందుకుని మళ్ళీ మొదటినుంచి కడిగాడు.