చేతికంటని తిండి

మా పెదనాన్నను వీధిలో అందరూ చిన్నముల్లు అంటారు. మనిషి పొట్టి, నడక నెమ్మది. గడియారాలు బాగుచేస్తాడు. మెట్ల కింద ఉన్న ఆయన కొట్టులో ఒక బల్ల, ఒక దీపం, ఒక స్టూలు పడతాయి. ఇంకో మనిషి వస్తే గుమ్మంలో నిలబడాల్సిందే.

విప్పిన గడియారంలో చక్రాలకు వేలి జిడ్డు తగలకూడదు. కూరలో చెయ్యి పెడితే ఎంత కడిగినా జిడ్డు పోదని పెదనాన్న నమ్మకం. అందుకే పగలు అన్నం తినడు. బల్ల కింద డబ్బాలో రస్కులుంటాయి. ఆకలేసినప్పుడల్లా గుమ్మం వైపు తిరిగి రెండు కొరుక్కుని, వేళ్ళు దులుపుకుని మళ్ళీ పనిలో పడతాడు. పని నేర్పిన గురువూ అలాగే తినేవాడట. షుగర్ ఉందని తేలిన రోజునుంచి పెదనాన్న టీలో చక్కెర మానేశాడు, మిఠాయి ముట్టలేదు, మాత్ర తప్పలేదు. రస్కుల మీద మాత్రం అనుమానం రాలేదు. అవి తీపి కాదు కదా!

ఈమధ్య ఆడవాళ్ళ చేతి గడియారాలు వెనక్కి పంపడం మొదలుపెట్టాడు. "పార్టులు దొరకడం లేదమ్మా" అనేవాడు. నిజానికి ఆవగింజలో సగం లేని మరలు ఆయన కంటికి అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయి. గోడ గడియారాలొక్కటే నమ్ముకుంటే కొట్టు మూసుకోవడమే. ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. ఒక సాయంత్రం సూదిలో దారం ఎక్కించమని పెద్దమ్మ ఇస్తే, ఎక్కించలేక బయటపడ్డాడు.

"ఎన్నాళ్ళనుంచి?"

"మొన్నమొన్ననే."

"మీ మొన్న ఎప్పుడూ పోయినేడే. పదండి డాక్టరు దగ్గరికి."

కంటి డాక్టరమ్మ కంటి లోపలి పొర కూడా చూసి, దానికి షుగర్ వల్ల దెబ్బేమీ తగల్లేదంది.

"అయితే కొత్త అద్దాలు రాసివ్వండమ్మా."

"ఇప్పుడు రాయను. షుగర్ పెరిగినప్పుడు కంట్లో లెన్సు ఉబ్బి చూపు మారిపోతుంది. ఇవాళ రాసిన అద్దాలు అది తగ్గాక పనికిరావు."

"తీపి ముట్టడం లేదండీ."

"తీపొక్కటే కాదు. పిండితో చేసింది ఏది తిన్నా రక్తంలో చక్కెరే అవుతుంది. తిన్న రెండు గంటలకి ఎంతుందో చూసుకోండి."

ఇంట్లో మీటరుంది. పొద్దున్నే పరగడుపున మాత్రమే చూసుకునేవాడు. కాస్త ఎక్కువ కనిపిస్తే వయసు మీదికి తోసేసేవాడు. మర్నాడు పెద్దమ్మ ఆ మీటరు పట్టుకుని కొట్టుకే వచ్చింది. రస్కులు తిన్న రెండు గంటలకి రెండువందల తొంభై.

"మీటరు పాడైందేమో."

"ఊళ్ళో గడియారాలన్నిటికీ తప్పులు పడతారు, మీ తప్పు చూపిస్తే మీటరు పాడైందా!"

"చప్పటి రస్కులే!"

"మైదా, దానికి తోడు చక్కెర. ప్యాకెట్టు మీద రాసుంది చూడండి. ఓహో, కనపడదు కదూ!"

ఆ మాటకు ఆయన నవ్వలేదు. డబ్బా మూత పెట్టాడు.

"మరి జిడ్డు సంగతి?"

"లోకంలో చెంచా అనే వస్తువు ఒకటుందండీ."

"మా గురువు ఎప్పుడూ చెప్పలేదే" అన్నాడు పెదనాన్న, నిజంగానే ఆశ్చర్యపోయి.

లోపం ఎక్కడుందో తెలియని గడియారంలో ఆయన ఒక్కో భాగమే మార్చి చూస్తాడు. తిండినీ అలాగే చూశాడు. ఉడికించిన గుడ్లు, చిక్కుళ్ళు, ఆకుకూర, గుప్పెడు అన్నం తింటే నూట అరవై దాటలేదు. కూరలు అవే ఉంచి అన్నం రెట్టింపు చేస్తే అంకె మళ్ళీ ఎగబాకింది. పండు తింటే కొంచెం పెరిగింది, అదే పండు రసం తీసి తాగితే బాగా పెరిగింది. "అన్నం దొంగ కాదే, కొలతే దొంగ" అని పెద్దమ్మకు చెప్పాడు. షుగర్ డాక్టరుకు ఆ అంకెలు చూపిస్తే మాత్రలు అవే ఉంచి, తిండి అలాగే సాగించమన్నారు.

చూపు వెంటనే రాలేదు. మధ్యలో ఒక వారం పాత అద్దాలతో ముందుకన్నా మసకగా కనిపించి, అంతా అయిపోయిందనుకున్నాడు. అంకెలు నిలకడగా ఉన్నాయి కదా, ఓపిక పట్టమంది డాక్టరమ్మ. కొన్ని వారాలకు కొత్త అద్దాలు రాసింది.

ఆ అద్దాలతో కొట్టు తెరిచిన మొదటి వారంలో ఒకామె చిన్న చేతి గడియారం తెచ్చింది. పెదనాన్న మూత తీసి, భూతద్దం కంటికి పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"మర ఒకటి వదులైంది. చేస్తాను, ఇచ్చి వెళ్ళమ్మా."

"ఇప్పుడే చేసివ్వరా?"

"భోజనం వేళమ్మా. ఆగిపోయిన గడియారం ఇంకో గంట ఆగితే ఏం పోతుంది? నా కూర చల్లారిపోతుంది" అంటూ బల్ల మీద గాజు మూత బోర్లించి, చేతులు కడుక్కోవడానికి లేచాడు.