నిర్మల మేడం చెంప మీది గడ్డ

నిన్న తార్నాకలో ఒక చీరల దుకాణంలో బీరువా తెరవగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. యూనివర్సిటీ వృక్షశాస్త్ర విభాగంలో, ఎండబెట్టిన మొక్కలు దాచే గదిలోనూ ఇదే వాసన. ఆ గదిలోనే నిర్మల మేడం దగ్గర నాలుగేళ్లు పరిశోధన చేశాను.

నేను చేరేనాటికే మేడం తమ్ముడిచ్చిన కిడ్నీతో బతుకుతున్నారు. శరీరం దాన్ని తిప్పికొట్టకుండా రోజూ మాత్రలు వేసుకునేవారు. మొదటి వారంలో నేను ఒక ఆకు మీది మచ్చను తెగులు అని రాస్తే ఆ మాట కొట్టేశారు.

"చూసింది రాయి స్వరూపా. అనుకున్నది తర్వాత."

మూడో ఏడు ఎండాకాలంలో మేడం ఎడమ చెంప మీద కందిగింజంత ఎర్రటి గడ్డ లేచింది. నొప్పి లేదు, దురద లేదు. సెగగడ్డ అయి ఉంటుందన్నాను. మేడం కూడా అలాగే అనుకుని ఊరుకున్నారు. నెలన్నరలో అది ఉసిరికాయంత అయి, వంకాయ రంగుకు తిరిగింది. అప్పుడు ఆసుపత్రికి వెళ్తే ముక్క తీసి పరీక్షకు పంపారు.

రిపోర్టు వచ్చిన రోజు నేను మేడం పక్కనే ఉన్నాను. మెర్కెల్ సెల్ కార్సినోమా. చాలా అరుదైన చర్మ క్యాన్సర్ అని, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు ముప్పు ఎక్కువని, అప్పటికే మెడ గ్రంథులకు పాకిందని డాక్టరు నెమ్మదిగా చెప్పారు. కిడ్నీని కాపాడుతున్న మాత్రలే ఒంటికి కాపలాను తగ్గించాయట. భూతద్దం పెట్టి ఆకుల నూగు లెక్కపెట్టే నేను, ఆ చెంపకు ఎదురుగానే రోజూ కూర్చున్నాను.

ఆసుపత్రి నుంచి ఆటోలో తిరిగొస్తున్నాం. హబ్సిగూడ దాటాక నేను అన్నాను, "నేను సెగగడ్డ అనకపోతే మీరు ముందే దవాఖానకు పోతుంటిరి మేడం."

"అద్దంల నేను గూడ రోజూ చూసుకున్న గద. నొప్పి లేదని ఊకున్న. నీ మీద ఏసుకోకు" అన్నారు.

ఆపరేషన్ అయింది, రేడియేషన్ అయింది. ఏడు నెలలకు మేడం పోయారు. చివరి వారంలో కూడా నా థీసిస్‌లో ఒక అధ్యాయం దిద్ది పంపారు.

ఇప్పుడు నేను అదే విభాగంలో పాఠాలు చెబుతున్నాను. మా అటెండరు మల్లేశన్న కీళ్ల జబ్బుకు ఏళ్లుగా మాత్రలు వాడుతున్నాడు. అవి కూడా రోగనిరోధక శక్తిని తగ్గించేవే. పోయిన నెల అతడి చెవి వెనక చిన్న బుడిపె చూశాను. అదే పోతుందిలెమ్మన్నాడు. క్లాసు మానుకుని ఆ పూటే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాను. ఉత్త కొవ్వు గడ్డ అని తేలింది. ఊరికే భయపెట్టారని మల్లేశన్న నవ్వాడు. నవ్వనిచ్చాను. బయట బెంచీ మీద కూర్చుని, డాక్టరు రాసిన చీటీని మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చదువుకున్నాను.