ఇప్పచెట్ల మంటలో మా క్యాప్సూల్

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు చర్ల దాటాక అడవిలో, కాలిబాట మీద నిలబడి పోలీసు క్యాంపు అధికారితో వాదిస్తుంటే అది నషాళానికి అంటింది.

"మేడం, అది మీదే. నేను నమ్మిన. కానీ బాట మాత్రం దిగనియ్య," అంటాడాయన.

మాది అంతరిక్షంలో లోహాలు తయారుచేసి కిందికి తెచ్చుకోవాలని కలలుగనే చిన్న కంపెనీ. సీసాన్నీ జింకునూ కలిపి కరిగిస్తే, చల్లారేలోగా సీసం అడుక్కి పోతుంది, జింకు పైన తేలుతుంది. బరువు తెలియని చోట ఆ పేచీ ఉండదు, రెండూ కలిసే గడ్డకడతాయి. రాకెట్‌లో చోటు అడగాలంటే ముందు ఒక్క ముక్కైనా చేసి చూపించాలి. అందుకే పెద్ద బెలూన్‌తో క్యాప్సూల్‌ను పైకి పంపి, లోపలి లోహం కరిగాక జారవిడిచాం. పడుతున్న ఆ కాసేపూ లోపల దేనికీ బరువుండదు. చాలాసార్లు చెడిపోయి, ఈసారి సరిగ్గా గడ్డకట్టిందని లోపలి కెమెరా చూపించింది. తీరా గాలి మళ్లి క్యాప్సూల్ ఈ అడవిలో వచ్చి పడింది. బొటనవేలంత ముక్క. అది చేతికొస్తే కంపెనీ నిలుస్తుంది, లేకపోతే అందరం ఇంటికే.

బాట మీంచి కనిపిస్తూనే ఉంది. వదిలేసిన పోడు చేనులో, మోళ్ల మధ్య, నారింజ రంగు పారాచూట్. దాని వెనక నుంచి మంట పాకుతోంది. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్ల కింద రాలిన ఆకులు కాలుస్తారు. పొద్దున ఎవరో పెట్టిన నిప్పు గాలికి చేనులోకి దిగింది. క్యాప్సూల్‌లో బ్యాటరీలున్నాయి. అవి అంటుకుంటే ముక్క మళ్లీ కరుగుతుంది, ఈసారి నేల మీద.

"ఒక్క ఉరుకులో తెచ్చేస్తా సార్," అన్నాను. బొగ్గు గనుల ఊళ్లో పెరిగినదాన్ని. మా నాయన రోజూ భూమిలోకి దిగి వచ్చేవాడు. నాకు భయం కాస్త తక్కువే.

"పోయినేడు గా చేన్లనే మందుపాతర పేలి ఒకామె కాలు పోయింది. ఇంకా ఏమేం పాతిపెట్టిన్రో ఎవలికెర్క?"

మాతోపాటు, ఆ చేను దాటి అవతలికి పోవాల్సిన ఒక కోయ ముసలామె కూడా తన ఎద్దుతో బాట మీదే ఆగిపోయి ఉంది. మా జీపు డ్రైవర్ ఆమెను చూసి నా దగ్గరికొచ్చాడు. పెనుబల్లి ఊరి మనిషి, నా మంచి కోరేవాడే.

"మేడం, ఆ ఎద్దును ముందు తోలమందాం. అది అడుగేసిన చోటే మీరు అడుగెయ్యండి. ఏమన్నా అయితే ఖరీదు కట్టిద్దాం."

అధికారి విన్నాడు. కాదనలేదు. ముసలామె కూడా విన్నది. ఆమె కూడా కాదనలేదు, యూనిఫాం ముందు కాదనే అలవాటు ఆమెకు లేదు. ఎద్దు మెడ మీద చెయ్యేసి, పలుపుతాడును ముంజేతికి ఇంకో చుట్టు చుట్టుకుంది. ఆమె చేను దున్నేది అదొక్కటే. మంట పారాచూట్ అంచుదాకా వచ్చేసింది. అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. నేను ఊ అంటే చాలు.

"ఎద్దు జోలికి పోవద్దు!" అన్నాను. అనడం కాదు, అరిచాను. డ్రైవర్ బిక్కచచ్చిపోయాడు.

పారాచూట్ భగ్గుమంది. బ్యాటరీలు పేలుతుంటే అందరం నేలకు కరుచుకున్నాం. చప్పుళ్లు ఆగినా నేను లేవలేదు. అక్కడే బోర్లా పడుకుని ఏడ్చాను.

మర్నాడు డిటెక్టర్లతో వచ్చిన పోలీసులు చేనంతా గాలించి, మసిబారిన ముక్కను తెచ్చి నా చేతిలో పెట్టారు. ఒకవైపు సీసం, ఒకవైపు జింకు, మధ్యలో గీత గీసినట్టు.

"చేన్ల ఏం దొర్కలే మేడం. అంతా సాఫ్," అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. నిన్న ఉరికి ఉంటే రెండు నిమిషాల పని. ముసలామె ఎద్దుతో బాట మీదే కనిపించింది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు ఆమె మీదే విరుచుకుపడ్డాను.

"చూసినవా అవ్వా? అక్కడ ఏం లేదంట!"

"అవ్ బిడ్డా, గట్లనే అంటున్నరు," అంది.

ఎద్దును బాట మీదే నిలబెట్టి, ముందు తాను చేనులోకి దిగింది.