పండ్లు తోమేదానితో బాగుచేసిన డిస్కు

ఆ రోజుల్లో మా కోరుట్లలో సీడీ డిస్కు మధ్యలో ఆగిందంటే ఎవరికి తోచిన వైద్యం వాళ్లు చేసేవాళ్లు. ఒకరు కొబ్బరినూనె రాసేవాళ్లు, ఇంకొకరు అరటితొక్కతో రుద్దేవాళ్లు. నేను టూత్‌పేస్టు పార్టీ. మెత్తటి బట్ట మీద కాస్త పేస్టు వేసి, నడుమ నుంచి అంచుకు మెల్లగా తుడిచి, పక్కింటివాళ్ల పాటల డిస్కొకటి పాడించాను. అంతే, వాడకట్టంతా నన్ను 'డాక్టరమ్మ' అనడం మొదలుపెట్టింది. (డిగ్రీ మొదటి సంవత్సరంలో రెండు సబ్జెక్టులు తప్పిన సంగతి మాత్రం ఎవరికీ గుర్తులేదు.)

సిరిసిల్లలో బావ నడిపే సాంచెలు, అంటే మరమగ్గాలు, బందైనప్పుడు ఆయన దుబాయి పోయాడు. అక్క మా ఇంటికి వచ్చింది. వాళ్ల బిడ్డ, మా చిన్నది, ఆయన పోయాకే పుట్టింది. ఒకసారి బావతో పనిచేసే ఆయన ఊరికొస్తూ ఒక వీడియో డిస్కు తెచ్చాడు. అందులో బావ మంచం మీద కూర్చొని, చిన్నదాన్ని పేరుపెట్టి పిలిచి, పది నిమిషాలు మాట్లాడతాడు. రోజూ పొద్దున అక్క అది పెట్టేది. చిన్నదానికి తండ్రి అంటే అదే. ఒకనాడు బాపుకు ఆకలైతుందని డిస్కుకు పెరుగన్నం తినిపించి, ఆ మరకలు పోవాలని గచ్చుకేసి రాసింది. బావ మాట మధ్యలో ఆగిపోయాడు.

"ఏమన్న జెయ్యే, చెల్లె," అంది అక్క. జగిత్యాలలో నాకు పరీక్ష. బస్సు టైమైంది. చెప్పులేసుకుంటూ అమ్మకు చెప్పాను, "పండ్లు తోమేదానితోని మెల్లగ రుద్దుండ్రి, అదే సాఫైతది." మా ఇంట్లో పేస్టును నేనొక్కదాన్నే వాడతాను. అమ్మ పండ్లు తోమేది బొగ్గూ ఉప్పూ కలిపి నూరిన పొడితో. ఆ సంగతి నాకు తట్టలేదు.

సాయంత్రం వచ్చేసరికి అమ్మ డిస్కును కడిగి, కొంగుతో తుడిచి చేతిలో పెట్టింది. "మస్తు తోమిన బిడ్డా. నా చేతులే గుంజుతున్నయి," అంది. దాంట్లో నా ముఖం కూడా కనబడలేదు. ఆ తర్వాత పేస్టు, నూనె, అరటితొక్క అన్నీ అయ్యాయి. చివరికి బావ ఒక్క మాట దగ్గర నిలబడ్డాడు, "నేనస్త... నేనస్త... నేనస్త..." చిన్నది చప్పట్లు కొట్టింది. అక్క టీవీ బందు చేసి లోపలికి పోయింది. తిట్టినా బాగుండేది. ఆ పాపం నాదేనని చాలా రోజులు సరిగ్గా అన్నం తినలేకపోయాను.

మరుసటి ఏడాది బావ నిజంగానే వచ్చాడు. చిక్కిపోయాడు, మీసం తీసేశాడు. చిన్నది చూసి మా అమ్మ వెనక దాక్కుంది. "బిడ్డా, నేనే బాపును," అంటే ఇంకా వెనక్కి జరిగింది. బావ వాకిట్లో అట్లనే గొంతుక్కూర్చున్నాడు. నాకు భూమిలోకి పోవాలనిపించింది.

అప్పుడు తలుపు దగ్గర నిలబడి అక్క మెల్లగా అంది, "డిస్కుల చెప్పింది చెప్పు. 'బంగారీ, అన్నం తిన్నవా?' అను."

"గదంత నాకు యాదికెక్కడుంది?" అన్నాడు బావ.

"నాకుంది. నేను చెప్త, నువ్వు అను."

అక్క ఒక్కో మాట అందిస్తుంటే బావ వెనకాలే అన్నాడు. అమ్మను సతాయించకు అన్నాడు. గజ్జెల పట్టీలు తెస్త అన్నాడు. చిన్నది తల బయటపెట్టింది.

"ఇగ ఈడ దగ్గినవ్," అంది అక్క.

బావ ఆమె వంక చూశాడు. ఆ తర్వాత, కళ్లు తుడుచుకుంటూనే, దగ్గాడు. చిన్నది కిలకిలా నవ్వి, నడిచొచ్చి ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది.

పది నిమిషాల మాటలు, దగ్గుతో సహా, అక్క ఎన్నడు నేర్చుకుందో నాకు తెలియదు. ఒకే ఇంట్లో, ఒకే చాప మీద పక్కపక్కన పడుకున్నవాళ్లం. పందొమ్మిదేళ్ల నాకు డిస్కు మీద గీతలు తప్ప ఇంకేమీ కనబడేది కాదు, పిచ్చిదాన్ని.