లూయీ గారి ముత్తాత

ఒమాన్‌లో బహ్లా ఊరికి వెళ్లే టాక్సీలో నా పక్కన ఒక యానాం ఆయన కూర్చున్నాడు. ఇంటిపేరు లూయీ. "మా ముత్తాత ఫ్రెంచి దొరండీ. ఆ రక్తం ఊరికే పోతుందా!" అంటూ మస్కట్ దాటినప్పటి నుంచీ నా బుర్ర తినేశాడు.

ఒమానీ డ్రైవరు హిలాల్ తన పేరు వెంట తండ్రి, తాత, ముత్తాతల పేర్లు గడగడా చెప్పి, "మరి మీ ముత్తాత పేరేంటి?" అని వచ్చీరాని హిందీలో అడిగాడు. లూయీ రికార్డుల ఆఫీసులో తెచ్చుకున్న ఫ్రెంచి కాగితం నకలు సంచిలోంచి తీసి, అందులో ఉంటుంది చూడమని నాకిచ్చాడు.

ఫోనులో తర్జుమా చేసి పైకి చదివాను. 'యానాం నేతగాడు పుల్లయ్య తన కులాచారం వదులుకుని, ఫ్రెంచి చట్టం కిందికి వచ్చి, తనకూ తన సంతతికీ లూయీ అనే ఇంటిపేరు పెట్టుకున్నాడు.'

ఆయన ముఖం మాడిపోయింది. "పుల్లయ్యా? వాడెవడో మా దొర దగ్గర పాలేరయ్యుంటాడండీ."

నాకు ఒళ్లు మండింది. "ఇందులో దొర ఎక్కడున్నాడండీ? ఆ పుల్లయ్యే మీ ముత్తాత!"

ఆయన కాగితం లాక్కుని సంచి అడుగున కుక్కేశాడు. బహ్లాలో దిగగానే మాత్రం, ఎదురొచ్చిన, తను చేరబోయే కంపెనీ తెలుగు మేనేజరుకు నవ్వుతూ చెయ్యి చాచాడు.

"లూయీ అండీ. మాది ఫ్రెంచి ఫ్యామిలీ."