యూరియా బస్తా

దువ్వాడలో పాసింజరు ఆగగానే ఆరోగ్యమ్మ దిగుతుంది. నెత్తిన యూరియా ముద్ర ఉన్న పాత బస్తా. దాని నిండా రేవులో పారేసిన చేప తలలు. రైల్లో ఆమె పక్కన ఎవరూ కూర్చోరు. ఇటుకబట్టీవాళ్లు మట్టంతా తవ్వుకుపోగా గులకరాళ్లు మిగిలిన అరెకరంలో, ఏడేళ్లుగా ఆ తలల్ని పేడతో కలిపి పాతిపెడుతోంది. ఇప్పుడక్కడ వంగతోట నడుమెత్తు పెరిగి విరగకాసింది. మొన్న వ్యవసాయ ఆఫీసరు వచ్చి, గట్టుమీది బస్తా చూసి, ఆమెనొక్క మాటైనా అడక్కుండా "యూరియా వల్లే ఈ కాపు" అని పుస్తకంలో రాసుకున్నాడు. ఆరోగ్యమ్మ బస్తా మూతి విప్పింది. ఆయన ముక్కు మూసుకుని వెనక్కి జరిగాడు.

"యూరియా ఇలగ కంపు కొడతాదేటి బాబూ? ఏడేళ్లు నాను మోసింది ఇదే. ముక్కు మీద సెయ్యి తీసి, ఆ సేత్తోటే రాసింది కొట్టీండి."